వంటావార్పు రోజు వచ్చిన ఫోను

ముందుగా ఒక సంగతి చెప్పి మీ భయం తీర్చేస్తాను. నా ఆపరేషన్ బాగానే జరిగింది. పొద్దున ఆసుపత్రికి వెళ్లాను, గర్భసంచి తీశారు, సాయంత్రానికి ఇంటికి వచ్చాను. పొట్ట కోయలేదు. చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ చేశారు. ఇప్పుడు నా పొట్ట మీద కందిగింజంత మచ్చలున్నాయి, వెతికితే తప్ప కనిపించవు. మీలో ఎవరైనా రేపో ఎల్లుండో ఇదే ఆపరేషన్‌కు వెళ్లాల్సి ఉంటే ధైర్యంగా వెళ్లండి. కాకపోతే అక్కడ కౌంటర్ దగ్గర ఫోన్ నంబర్ అడుగుతారు. ఆ నంబర్ సంగతి కోసమే నేనిదంతా రాస్తున్నాను.

కోపం తగ్గాక రాద్దామని చాలాకాలం ఆగాను. అది తగ్గేట్టు లేదు.

*ఎండాకాలం*

అప్పుడు మేం దిల్‌సుఖ్‌నగర్‌లో, కూరగాయల మార్కెట్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. మాది నకిరేకల్ దగ్గర పల్లె. మా ఆయన నర్సింహ ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. నేను సైదాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. మాకు ఒక్కతే బిడ్డ, స్వప్న. పెళ్లయి సూర్యాపేటలో ఉండేది, ఆ ఏడాది కడుపుతో ఉంది.

నాకు అప్పటికి చాలా నెలలుగా నెలసరి ఒక పట్టాన ఆగేది కాదు. ఈ మాట బయటికి చెప్పుకోలేక ముదురు రంగు చీరలు కట్టడం మొదలుపెట్టాను. బోర్డు మీద రాయాలంటే పిల్లలకు వీపు చూపించాలి కదా, ఆ భయంతో రాయడం మానేసి కూర్చుని డిక్టేషన్లు చెప్పేదాన్ని. ఆ ఏడాది మా క్లాసు పిల్లలకు డిక్టేషన్ బ్రహ్మాండంగా వచ్చింది. నాకు మాత్రం మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్లు చీకట్లు.

మందులు వాడాం, తగ్గలేదు. చివరికి ఎల్‌బీ నగర్ చౌరస్తాకు కాస్త లోపలగా ఉన్న ఒక ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి వెయిటింగ్ హాల్ నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. బెంచీల మీద ఆడవాళ్లం కూర్చుంటే పక్కన మా మగవాళ్లు నిలబడేవారు. ఎన్ని రోజులకు వస్తోందమ్మా అని సిస్టర్ ఎవరినైనా అడిగితే ఆ ఆడమనిషి నోరు తెరిచేలోపే పక్కనున్న మొగుడు చెప్పేసేవాడు. నొప్పి ఎక్కడ అంటే కూడా ఆయనే. నాకు నవ్వొచ్చింది ఆ రోజు. మా వంతు వచ్చినప్పుడు మా ఆయనా అంతే, నా రక్తం లెక్కలన్నీ ఆయనే అప్పజెప్పాడు. నేను తలూపుతూ కూర్చున్నాను. పోనీలే, నాకు సిగ్గు తప్పింది అనుకున్నాను కూడా.

డాక్టరమ్మ నిదానస్తురాలు. గర్భసంచి తీసేయడమే మేలంది. అదే రోజు ఇంటికి పంపిస్తానంటే నేను బెదిరిపోయాను. మా మేనత్తకు ఇదే ఆపరేషన్ అయినప్పుడు ఆమె వారం పైగా ఆసుపత్రి మంచం దిగలేదు. ఇదేమిటి, పన్ను పీకించుకున్నట్టు సాయంత్రానికే పొమ్మంటుందని అనుమానం వచ్చింది. ఆమె అర్థం చేసుకుని ఓపిగ్గా చెప్పింది. కోత పెద్దది కాదు కాబట్టి ఆసుపత్రిలో పడుకోబెట్టి చేసేది పెద్దగా ఏమీ ఉండదనీ, ఇంట్లో ఉంటే త్వరగా లేచి తిరుగుతారనీ అంది. అయితే అందరినీ పంపదట. ఇల్లు దగ్గర్లో ఉండాలి, మొదటి రెండు మూడు రోజులు పెద్ద మనిషి ఒకరు విడవకుండా పక్కన ఉండాలి, ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తే ఉన్నదున్నట్టు చెప్పాలి. అలా కుదిరితేనే పంపుతుంది, లేదంటే వార్డులోనే ఉంచుతుంది.

పక్కన ఎవరుంటారని అడిగింది. మా అమ్మ వస్తుందని చెప్పాను. బడికి సెలవు దొరికినప్పుడు చేయించుకుందామని అనుకుని ఇంటికి వచ్చాం.

*సమ్మె మొదలైనాక*

వర్షాకాలం చివర్లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి. అడక్కుండానే నాకు సెలవు వచ్చేసింది. ఆపరేషన్‌కు ఇంతకంటే మంచి సమయం దొరకదనుకుని రోజు ఖాయం చేసుకున్నాం. తర్వాత బస్సులూ ఆగిపోయాయి. అమ్మ నకిరేకల్‌లో చిక్కుకుపోయింది. ఎవరి బండో పట్టుకుని వస్తానంది గాని, మోకాళ్ల నొప్పుల మనిషిని అలా రమ్మనడానికి నాకు మనసొప్పలేదు. నెలలు నిండుతున్న స్వప్నను రమ్మనే మాటే లేదు.

వాయిదా వేద్దామా అని నేనంటే మా ఆయనే వద్దన్నాడు. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు నిలబడి మాటిచ్చాడు.

“నేనుంట మేడం. ఆఫీసు ఎట్లాగూ లేదు. మూడొద్దులు ఇంట్లకెళ్లి కాలు బయట పెట్ట.”

ఆ మాట మీద ఆమె నన్ను అదే రోజు పంపడానికి ఒప్పుకుంది. ఆ మాట మీదే నేనూ ఒప్పుకున్నాను. నాకు కావలసిందల్లా మత్తు దిగి ఇంటికొచ్చాక పక్కన ఒక మనిషి. అంతకుమించి ఏమీ అడగలేదు.

మా ఆయన గురించి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. చెడ్డవాడు కాదు. అన్నేళ్లూ ఫైళ్ల వెనక తల వంచుకుని కూర్చున్న మనిషి, ఉద్యమం వచ్చాక తలెత్తాడు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఉద్యోగుల దీక్షా శిబిరం వేస్తే దాని పనంతా భుజాన వేసుకున్నాడు. “అన్నా” అని పిలిచేవాళ్లు ఎక్కువయ్యారు. ఒకరోజు మేం ఆడవాళ్లం కూడా శిబిరం ముందు బతుకమ్మ ఆడాం. అప్పుడు ఆయన మైకు పట్టుకుని మాట్లాడటం విన్నాను. మా గోస మేం చెప్పుకుంటాం, మా తరఫున వేరేవాళ్లు మాట్లాడుడేంది అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను.

మా పై వాటాలో కృష్ణవేణి గారుండేవారు. వాళ్లది తెనాలి. ఆమె భర్త కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవారు. సమ్మె మొదలయ్యాక ఆమె మెట్ల మీద మాట్లాడటం తగ్గించింది, కిందికి దిగితే తలవంచుకుని వెళ్లేది. మా ఆయన స్వయంగా పైకి వెళ్లి, మీకేం ఫికర్ లేదు మేడం, నేనున్న కద అని చెప్పి వచ్చాడు. ఆ రోజుల్లో మా సందులో అందరికీ ఆయన చెప్పిన మాట అదే.

*ఆపరేషన్ నాడు*

పొద్దున్నే పరగడుపున వెళ్లాం. కరెంటు పోయి ఉంది, జనరేటర్ మోగుతోంది. కౌంటర్‌లో అమ్మాయి పేరు, ఊరు అడిగి, ఫోన్ నంబర్ చెప్పండి అంది. నా చేతిసంచిలో నా ఫోన్ ఉంది, స్వప్న కొనిపెట్టింది. నేను నోరు తెరిచేలోపు మా ఆయన తన నంబర్ చెప్పేశాడు. ఆ అమ్మాయి రాసుకుంది. నాకేమీ తప్పనిపించలేదు. గ్యాస్ బండకైనా, బ్యాంకుకైనా, బడిలో బిడ్డను చేర్పించినప్పుడైనా ఎప్పుడూ ఆయన నంబరే. నా నంబర్ ఒకరికి చెప్పడమంటే అదేదో మర్యాద తక్కువ పనన్నట్టు పెరిగాం మేం. ఆ రోజు ఆ కౌంటర్ దగ్గర నా ముందున్న ఆడవాళ్లూ చెప్పలేదు, నా వెనకున్నవాళ్లూ చెప్పలేదు.

లోపలికి వెళ్లేముందు భయమేసింది. మత్తు ఇచ్చే ఆయన కబుర్లు చెబుతూనే సూది గుచ్చాడు. కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది. పొట్ట కంటే భుజం ఎక్కువ నొప్పి పుట్టింది, ఇదేం చోద్యమని భయపడ్డాను. లోపల నింపిన గాలి వల్ల అలా ఉంటుందని, తిరిగితే తగ్గుతుందని సిస్టర్ శాంత చెప్పింది. ఆమెకు నా వయసే ఉంటుంది. చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించింది, గంజి తాగించింది, మూత్రం వచ్చిందని తెలిసేదాకా కదలనివ్వలేదు.

ఇంటికి పంపేముందు మంచం అంచున కూర్చుని మళ్లీ చెప్పింది. రోజూ పొద్దునా సాయంత్రం తనే ఫోన్ చేస్తుందట. జ్వరం, రక్తం, మూత్రం, ఈ సంగతులు అడుగుతుందట. ఏ కాస్త తేడా ఉన్నా అరగంటలో రమ్మంటుందట. ఆ మాట విన్నాక నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఇంట్లో మా ఆయన, ఫోన్‌లో సిస్టర్. ఇంకేం కావాలి?

ఆ సాయంత్రం గురించి నేను అబద్ధం చెప్పను. ఆయన చాలా బాగా చూసుకున్నాడు. ఆటోలో గతుకు వచ్చినప్పుడల్లా నా వీపు వెనక చెయ్యి పెట్టాడు. చారన్నం కలిపి తినిపించాడు. నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. నేను అదృష్టవంతురాలిని అనుకుంటూ నిద్రపోయాను.

*మర్నాడు*

తెల్లవారేసరికి ఆయన ఫోన్ మోగుతోంది. చౌరస్తాలో వంటావార్పు పెట్టారట. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, రోడ్డు మీదే బంతి కూర్చుని తినేవాళ్లు. దాంతో రాకపోకలు ఆగిపోయేవి. పొయ్యిల పని చూసుకునేవాడు రాలేదని, నువ్వే దిక్కని ఎవరో పిలిచారు.

ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత నా పక్కన నీళ్లసీసా, బ్రెడ్డు, అరటిపండ్లు పెట్టాడు.

“దోపార్ కల్ల ఒస్త. దవాఖానోళ్లు ఫోన్ చేస్తరు కద, ఏమన్న ఉంటె చెప్పు.”

మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు కదా అని నేను సరే అన్నాను. ఇంట్లో ఏనాడూ అన్నం గంజి వార్చని మనిషి చౌరస్తాలో జనానికి వండిపెట్టడానికి పోతున్నాడని లోపల నవ్వుకున్నాను కూడా. నా ఫోన్ దిండు పక్కన పెట్టుకుని ఎదురుచూశాను. కౌంటర్‌లో రాయించింది ఆయన నంబరన్న సంగతి అప్పుడు తట్టనే లేదు.

ఫోన్ రాలేదు. చార్జింగ్ ఉందా లేదా అని తీసి చూశాను. మోగకుండా పెట్టానేమో అని చూశాను. మధ్యాహ్నానికి పొత్తికడుపు బిగుసుకున్నట్టయింది. గోడ పట్టుకుని బాత్రూంకు వెళితే చుక్కా చుక్కా తప్ప రాలేదు, అదీ మంట. ఇది మామూలేనా కాదా నాకెలా తెలుస్తుంది? ప్రమాదమైతే సిస్టర్ అడుగుతానంది కదా, అడగలేదంటే ఫరవాలేదేమో అనుకున్నాను. మళ్లీ, ఇంత నమ్మించి ఇంటికి తోలేసి మరిచిపోయారే అని ఏడుపొచ్చింది. నేనే చేద్దామంటే ఆసుపత్రి నంబర్ ఉన్న కాగితాలు ఆయన బ్యాగులో వెళ్లిపోయాయి. ఆయనకు చేస్తే ఎత్తలేదు.

దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. మొహం వెలిగిపోతోంది, చొక్కాకు పొగ వాసన. టిఫిన్ డబ్బాలో నాకోసం పులిహోర తెచ్చాడు. ఎంతమంది తిన్నారో, ఏ నాయకుడు వచ్చి గంటె తిప్పాడో చెబుతూనే ఉన్నాడు. కాస్త ఆగాక నొప్పి సంగతి చెప్పాను. ఆపరేషన్ అయితే నొప్పి ఉండదా, తగ్గుతుంది అన్నాడు.

“దవాఖానోళ్లు ఫోన్ చెయ్యలే” అన్నాను.

ఆయన డబ్బా మూత తీస్తూ ఒక్క క్షణం ఆగాడు. ఆగడం నేను చూశాను. అప్పుడు అర్థం కాలేదు.

“సమ్మె కదనే. ఆళ్లకు గూడ ఏం పరేషాన్ ఉన్నదో” అన్నాడు.

*ఆ తర్వాతి రోజు*

పొద్దున మళ్లీ పిలుపు వచ్చింది. గంటలో వస్తానని చెప్పి వెళ్లాడు. నాకు అప్పటికే వణుకు మొదలైంది. దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. చావు గురించి మొదటిసారి ఆలోచించాను. స్వప్న కాన్పు చూడకుండా పోతానేమో అనిపించింది. లేచి తలుపు గడియ తీసి ఉంచాను, ఎందుకైనా మంచిదని.

ఆ తీసిన తలుపులోంచి కృష్ణవేణి గారు వచ్చింది. నా ఆపరేషన్ సంగతి ఆమెకు తెలుసు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు కదా అని, మా గడప తొక్కితే ఏమనుకుంటారో అని నిన్న రాలేదట. పొద్దున ఆయన బయటికి వెళ్లడం బాల్కనీలోంచి చూసి, గిన్నెలో మెత్తటన్నం, చారు పట్టుకుని దిగింది. నుదుటి మీద చెయ్యి వేసి గిన్నె కింద పెట్టేసింది.

“ఒళ్లు కాలిపోతోందండీ అరుణ గారూ. ఆయన ఎక్కడికెళ్లారు? మిమ్మల్నిలా వదిలేసి ఎలా వెళ్లారండీ?”

“పనున్నది పాపం. ఆయన్ని ఏమనకున్రి. ఆ దవాఖానోళ్లే నన్ను పట్టించుకోలే” అన్నాను.

ఆమె ఆటో పిలిపించి నన్ను ఎక్కించి, పక్కన తనూ కూర్చుంది. పెద్దరోడ్డు మూసేశారు. ఆటో అతను కొత్తపేట సందుల్లోంచి తిప్పి తీసుకెళ్లాడు. ఒకచోట ఇళ్ల మధ్య నుంచి శిబిరం మైకు వినిపించింది. ఆయనకు కబురు చేయమంటారా, పక్కనే కదా అని కృష్ణవేణి గారు అడిగింది. వద్దన్నాను. అంత పనిలో ఉన్న మనిషిని కంగారు పెట్టడమెందుకు అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆసుపత్రిలో నన్ను చూసి సిస్టర్ శాంత పరుగెత్తుకొచ్చింది. నేను మంచం ఎక్కకముందే కడిగేశాను. ఫోన్ చేస్తానని చేయలేదేమమ్మా, చస్తే ఎవరు దిక్కు అన్నాను. ఆమె బిత్తరపోయింది.

“చేశాను కదమ్మా. నిన్న పొద్దున చేశాను, సాయంత్రం చేశాను. ఇవాళ పొద్దున కూడా చేశాను. సార్ మాట్లాడారు. జ్వరం లేదన్నారు, మూత్రం బాగా వస్తోందన్నారు, అన్నం తిన్నారన్నారు. మీకు ఆపరేషన్ తృప్తిగా ఉందా అని అడిగితే, ఫుల్ ఖుషీగా ఉంది మేడం అన్నారు.”

వెనకాల పాటలు, కేకలు వినిపిస్తున్నాయేమిటని కూడా ఆమె అడిగిందట. టీవీ అని చెప్పాడట.

“మీతో ఒకసారి మాట్లాడతానని అడిగానమ్మా. ‘పండుకున్నది మేడం, లేపమంటరా?’ అన్నారు. వద్దులెండి, రెస్ట్ తీసుకోనివ్వండి అన్నాను.”

ఆయన చౌరస్తాలో గంటె పట్టుకుని ఉన్నాడు. నేను దిండు పక్కన ఫోన్ పెట్టుకుని కళ్లు తెరుచుకుని ఉన్నాను. లేపమంటారా అని అడిగాడు.

వాళ్లు మూత్రానికి గొట్టం వేయగానే పొత్తికడుపు బరువు దిగి ప్రాణం లేచొచ్చింది. మూత్రంలో చీము పట్టిందని, ఆపరేషన్ చేసిన చోట అంతా బాగానే ఉందని డాక్టరమ్మ చెప్పింది. మందు ఎక్కించి ఆ రాత్రికి అక్కడే ఉంచారు. మొదటి ఫోన్‌లోనే తెలిసి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదని కూడా అంది. ఆమె మీదా నాకు కోపమే. ఆ రోజు ఎవరినీ వదిలిపెట్టే స్థితిలో లేను.

“నా ఒంటి సంగతి ఆయన్ని ఎందుకడిగిన్రు మేడం? నా పేగులు ఆయనకెట్ల తెలుస్తయి?” అన్నాను.

ఆమె నా కేసు కాగితం తెప్పించి నంబర్ చూసింది. తర్వాత, తప్పు మాదే, ఇచ్చిన నంబర్‌కు చేయడం మాకు అలవాటైపోయింది, ఎవరి నంబరో చూసుకోలేదు అని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడం వల్ల నాకు ఆమె మీద కోపం సగం చల్లారింది. ఇంకొక మనిషి నుంచి కూడా అలాంటి మాట వస్తుందని ఎదురుచూశాను.

ఆయన సాయంత్రం వచ్చాడు, మెడలో కండువాతోనే. కృష్ణవేణి గారు లేచి బయటికి వెళ్లింది. మంచం పక్కన నిలబడి చాలాసేపు గ్లూకోజ్ సీసా వైపు చూశాడు. ఎందుకిట్ల చేసినవ్ అని అడిగాను. ఇంట్లో లేనంటే డాక్టర్ ముందు ఇజ్జత్ పోతుందని, మాటిచ్చాను కదా అని గొణిగాడు.

“బాగున్నదనే చెప్పిన కద. చెడుగ ఏమన్న చెప్పిన్నా?”

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా కాపురం చేశాను ఆయనతో. కోపతాపాలు లేవని కాదు. కానీ నేను ఉన్నచోటే ఉండగా, నన్ను నిద్రపుచ్చి, నేను ఖుషీగా ఉన్నానని నా బదులు తనే చెప్పగలడని ఎన్నడూ అనుకోలేదు. పక్కన లేకపోవడాన్ని మరిచిపోయేదాన్నేమో. దీపాలు పెట్టే వేళ డబ్బా మూత తీస్తూ, సంగతంతా తెలిసి, నా నొప్పి విని, ఆసుపత్రి వాళ్ల మీదికి తోశాడే, దాన్ని మరవలేకపోయాను.

*పండుగ తర్వాత*

ఆ ఏడు పండుగకు నేను బతుకమ్మ ఆడలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని చూశాను. ఊళ్లో ఉన్న చుట్టాలందరికీ ఆయనే ఫోన్‌లో, మంచిగనే ఉన్నది, సాయంత్రానికే ఇంటికొచ్చింది, ఏం కాలేదు అని చెబుతున్నాడు. స్వప్న ఫోన్ చేసినప్పుడు కూడా మీ అమ్మ మంచిగున్నది అనబోయాడు. చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాను. ఉన్నదంతా నేనే చెప్పాను. బిడ్డ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆయన లేచి బయటికి వెళ్లాడు.

శిబిరంలో విన్న మాట చెవుల్లో తిరిగేది. మా తరఫున వేరేవాళ్లు మాట్లాడుడేంది. ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనను. ఉద్యమం మీద నాకు కోపం లేదు, కాస్త ఒళ్లు నిలబడగానే మళ్లీ వెళ్లి శిబిరంలో కూర్చున్నాను. ఆయన పక్కన మాత్రం కూర్చోలేదు.

చెకప్‌కు ఒక్కదాన్నే వెళ్లాను. కౌంటర్‌లో పాత నంబర్ కొట్టేయించి నాది చెప్పాను. చెబుతుంటే సిగ్గనిపించింది. అంతా అయ్యాక డాక్టరమ్మ, మీకు తృప్తిగా ఉందా అని ఈసారి నన్నే అడిగింది. నవ్వాను. రక్తం ఆగింది, ఒంట్లో బలం వస్తోంది, మీ చెయ్యి మంచిది, ఇంకెవరైనా అడిగితే మీ దగ్గరికే పంపిస్తాను అన్నాను. తృప్తి సంగతి అడగకండి, దానికి మీరు చేయగలిగింది లేదు అన్నాను.

చెప్పినట్టే పంపించాను. మరుసటేడు కృష్ణవేణి గారికి అదే కష్టం వస్తే నేనే తీసుకెళ్లాను. ఆమె తన నంబర్ తనే చెప్పింది. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చింది. మూడు రోజులూ నేను ఆమె మంచం పక్క నుంచి కదల్లేదు. సిస్టర్ శాంత ఫోన్ చేసినప్పుడల్లా ఫోన్ ఆమె చేతికే ఇచ్చాను. ఆమెకు ఏ తేడా రాలేదు, వారంలో వంటింట్లో తిరిగింది. అందుకే మొదట్లోనే చెప్పాను, ఆపరేషన్ మంచిదేనని.

*రాష్ట్రం వచ్చినాక*

రాష్ట్రం వచ్చింది. సందంతా పటాకులు, మిఠాయిలు. నేనూ ఏడ్చాను సంతోషంతో. ఆయనకు చౌరస్తాలో శాలువా కప్పారు. ఆ శాలువా ఇంట్లో కుర్చీ మీద వేసి ఉంది.

ఈ మధ్యలో ఆయన నన్ను చాలాసార్లు దవాఖానకు తీసుకుపోతానన్నాడు, మందులు తెచ్చాడు, చాయ్ పెట్టడం నేర్చుకున్నాడు. తప్పయిందని మాత్రం అనలేదు. ఎప్పుడైనా ఆ సంగతి వస్తే, బతికినవ్ కదనే, ఇంకెందుకు అనేవాడు. ఎందుకో ఆయనకు తెలియదనే అనుకునేదాన్ని.

సంబరాల మర్నాడు ఆయన నా ఎదురుగా కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు. ఆయన ఫోన్ నా పక్కన బల్ల మీద ఉంది. మోగితే ఎత్తాను. శిబిరంలో ఆయనతో పాటు పొయ్యి దగ్గర పనిచేసిన మల్లేశ్. అక్కా, అన్న ఉన్నడా, టీవీవాళ్లొచ్చిన్రు, ఉద్యమంలో ఏమేం చేసిండో అన్న నోటితోనే చెప్పాలట, జర ఇయ్యి అన్నాడు.

మా ఆయన పేపర్ దించి చెయ్యి చాపాడు.

ఆయన కళ్లలోకి చూస్తూనే చెప్పాను.

“పండుకున్నడు తమ్మీ. మంచిగనే ఉన్నడు, ఫుల్ ఖుషీగ ఉన్నడు. లేపమంటవా?”

అవతల మల్లేశ్, వద్దు వద్దు అక్కా, పండుకోనియ్యి అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ఆయన చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. పేపర్ మడిచి పక్కన పెట్టి, ఆ రోజు నా నొప్పి ఎట్లుండెనో చెప్పమని మొదటిసారి అడిగాడు.